రేపు రా అని రాసిన తలుపు

రాయకోట రోడ్డులో ఉన్న ఆ నర్సింగ్ హోం పేరు ఎందుకులే. కట్టించిన డాక్టరమ్మ ఇప్పుడు లేదు, పిల్లలు చల్లగా ఉండనీ. కానీ ఆ కాలపు హోసూరు ఆటోవాళ్ళనడిగితే చెప్తారు — పగలు పిలిస్తే లోపలిదాకా వచ్చేవాళ్ళు, పొద్దు మునిగితే గేటు కనిపించక ముందే బండి ఆపేవాళ్ళు.

దీపాలార్పినాక ఆ వరండా చివర... ఏదో తలుపు తడుతుందంట.

ముందు మెల్లగా. ఆ తర్వాత గోళ్ళతో గీకినట్టు. ఆ తర్వాత — తలుపు అడుగునుంచి, నేలకు జానెడెత్తులో — "అమ్మా... అమ్మా..." అని.

అవి ఇంటింటి తలుపుమీదా సుద్దముక్కతో కన్నడంలో 'నాళె బా', అంటే 'రేపు రా' అని రాసుకున్న రోజులు. రాత్రిపూట ఆడదెయ్యమొకటి అయినవాళ్ళ గొంతుతో పిలుస్తుందని, తలుపు తీసినవాళ్ళు తెల్లారి లేవరని పుకారు. 'రేపు రా' అని రాసి ఉంటే చదువుకుని మర్యాదగా వెళ్ళిపోతుందంట. మరునాడొచ్చి మళ్ళీ చదువుకుంటుందంట. దెయ్యానికి అక్షరాలొచ్చునని ఎవరు కనిపెట్టారో కొండమీది స్వామికే ఎరుక.

ఆ వరండా చివర, నర్సమ్మలు రాత్రిపూట నిద్రపోయే డ్యూటీ రూము తలుపుమీద మాత్రం తెలుగు, కన్నడం, తమిళం — అన్నిట్లోనూ రాసి ఉండేది. మూడు భాషల హోసూరు దెయ్యం గదా, ఏ ఇంటి బిడ్డో ఏమో!

ఇంక గంగాభవాని సంగతి. వాళ్ళ వంశంలో ఏది కొనాలన్నా, ఎవర్ని చేసుకోవాలన్నా ముందు చూసి రావలసింది ఆమే. ఆవైతే పళ్ళు చూసేది, సంబంధమైతే వాళ్ళ వంటిల్లు చూసేది. గట్టిగా మాట్లాడి ఎరగదు. వేళ్ళమీద జపం లెక్కపెట్టుకుంటూ ఒక్క మాటనేది, దాంతో సంగతి తేలిపోయేది.

ఈసారి చూడాల్సింది నర్సింగ్ హోము. వదిన నాగరత్నానికి తుంటి ఎముక విరిగి బెంగళూరులో ఆపరేషనయింది. నెలల తరబడి మంచం దిగకూడదు, పక్కకు ఒత్తిగిలాలన్నా ఒకరి చెయ్యి కావాలి. ఆమె కొడుకు ఉదయ్ కుమార్‌కు ఫ్యాక్టరీలో షిఫ్టులు, కోడలు భువనకు నెలలు నిండినాయి. మరునాడు పొద్దున్నే తల్లిని వ్యానులో తెచ్చి నేరుగా ఇక్కడే దించాలని వాడి ఏర్పాటు. మేనత్త సరేనంటే చాలు.

"చూడత్తా, నేల అద్దం మాదిరి ఉండాది!" అన్నాడు ఉదయ్, నర్సింగ్ హోములో అడుగుపెడుతూనే.

"అద్దంమీద ముసిలోళ్ళు నడుస్తారాప్పా?" అంది గంగాభవాని.

డాక్టరమ్మ నవ్వి, వాకిట్లో వినాయకుడికి వేసిన పూలదండ చూపించింది. టీవీ చూపించింది. తిప్పితే తలవైపు లేచే మంచం చూపించింది. మంచం పక్కన ఎర్ర బెల్లు ఉంటే గంగాభవాని తనే నొక్కింది. అది పలకలేదు.

డాక్టరమ్మ అటు తిరగ్గానే ఆయా మారియమ్మ గొంతు తగ్గించింది. "రాత్రుల్లో అది నొక్కతా ఉండాదమ్మా... వైరు పీకేసినాము."

"అదంటే?"

మారియమ్మ వరండా చివరికి చూసి చెంపలేసుకుంది.

ఆ ఇంట్లో దానికి చాలా పనులుండేవి. ఎవరైనా బాత్రూములో పడితే తోసింది అదే. కూజాలో నీళ్ళు లేకుంటే తాగింది అదే. దుప్పట్లు తక్కువైతే కప్పుకుపోయింది అదే. జీతం లేకుండా అంత పాటుపడేది ఆ కట్టడంలో ఇంకెవరూ లేరు.

"ఈ రాత్రికి ఈడ నేనుండి చూస్తాను తల్లీ," అంది గంగాభవాని.

"బంధువులు రాత్రి ఉండేదానికి లేదమ్మా. రూల్సు," అంది డాక్టరమ్మ.

"అట్లనా..." అంటూ తల పట్టుకుని ఆ తిప్పే మంచంమీదే కూర్చుంది. "నాకెందుకో కళ్ళు తిరగతా ఉండాయి. నన్నే చేర్చుకో."

ఉదయ్ నవ్వాపుకుంటూ బెంగళూరు బస్సెక్కాడు.

ఆ గదిలో ఇంకొక మంచముంది. దానిమీద సామల్పట్టి అంజనమ్మ అనే ముసలామె గోడవైపు తిరిగి మగతగా పడుకుని ఉంది. మారియమ్మ లైట్లార్పి, "ఎవరు పిలిచినా లేవొద్దమ్మా," అని చెప్పి వెళ్ళింది. డ్యూటీ రూము గడియ పడిన చప్పుడు వినిపించింది.

గంగాభవాని రామనామం అనుకుంటూ కునికింది.

ఎప్పుడో మెలకువొచ్చింది. కరెంటు లేదు. వరండాలో... ఏదో ఈడుస్తున్న చప్పుడు.

సర్ర్... ఆగింది. మళ్ళీ సర్ర్...

నాలుక పిడచగట్టింది. కూజా వంచితే చుక్క లేదు. తాగేసిందా... అనుకుని, తన బుద్ధికి తనే సిగ్గుపడింది.

టక్. టక్. ఆ వెనకే గోళ్ళ గీకుడు. "అమ్మా... తియ్యండమ్మా..."

"పెద్దమ్మా... వింటివా?" అంది పక్క మంచంవైపు. జవాబు లేదు. దుప్పటి తలమీదికి లాక్కుని, ఆంజనేయుణ్ణి గట్టిగా పట్టుకుంది.

అప్పుడు — ఒక దగ్గు. ఆయాసంతో, కఫంతో.

గంగాభవాని పుట్టినప్పటినుంచి ఎన్నో దెయ్యాల కథలు విన్నది. వాటిలో దగ్గిన దెయ్యం ఒక్కటీ లేదు.

గోడ పట్టుకుని వరండాలోకొచ్చింది. కిటికీలోంచి పడిన వెన్నెల్లో, డ్యూటీ రూము తలుపు ముందర, నేలమీద... తెల్లగా ఒక ముద్ద. విరబోసిన జుట్టు. చెయ్యి లేస్తోంది... తలుపును తాకుతోంది... జారిపోతోంది.

ఆ ముద్ద తల తిప్పింది.

సామల్పట్టి అంజనమ్మ!

"నీళ్ళమ్మా," అంది. "మధ్యాన్నంనించి అడగతా ఉండాను. కాళ్ళు రావు, దేకతా వచ్చినాను. దినామూ వస్తాను. తియ్యరు."

గంగాభవాని పక్కన చతికిలబడి చెంగుతో ఆమె మొగం తుడిచింది. "ఈడ దెయ్యం తిరుగుతాదంట గదా పెద్దమ్మా, నీకు భయం లేదా?"

అంజనమ్మ అటూ ఇటూ చూసి గుసగుసలాడింది. "నేనెప్పుడూ చూడలేదమ్మా. నాకంటే ముందు నా మంచంలో ఉన్నామె పోయినాంక కొన్నాళ్ళు తట్టలేదంట. నేనొచ్చినాంక... మళ్ళా మొదలంట."

ఆ రాత్రి గంగాభవానికి నిజంగా వణుకు పుట్టింది అప్పుడే.

నాగరత్నం కళ్ళముందు కదిలింది. ఈ ముసలామె దేకనన్నా దేకుతుంది. వదిన ఒత్తిగిలనైనా లేదు. ఆమెకు ఈ ఇంట్లో దెయ్యమయ్యే యోగం కూడా లేదు.

లేచి రెండు చేతులా తలుపు బాదింది. ఆమె అంత గొంతెత్తడం ఆ వంశంలో ఎవరూ విని ఉండరు. "తియ్యండే! దెయ్యం కాదు, మనుషులం! నీళ్ళు కావాల!"

లోపల మంచం కిర్రుమంది. తర్వాత మారియమ్మ గొంతు, వణికిపోతూ —

"అయ్యో నర్సమ్మా... ఈ పొద్దు రెండొచ్చినాయే!"

ఆ వెంటనే ఇద్దరూ కలిసి, ఏడుపూ మొక్కూ కలిపి: "రేపు రాండమ్మా... ఇద్దరూ రేపు రాండి..."

ఆ కట్టడంలో రాత్రిపూట నీళ్ళున్నది వినాయకుడి చెంబులో ఒక్కదాంట్లోనే. గంగాభవాని స్వామికి దణ్ణం పెట్టి, ఆ చెంబు తెచ్చి అంజనమ్మ నోటికందించింది. ఆయన ఏమీ అనుకోలేదు.

తెల్లారి వ్యానొచ్చింది. వెనక నాగరత్నం వెల్లకిలా పడుకుని ఆకాశం చూస్తోంది. ఉదయ్ దూకి వచ్చాడు. "ఎట్లుండాదత్తా? అమ్మను దించేదా?"

"దించొద్దు. మనింటికే పోనీ. రాత్రుల్లో నేను పక్కన పడుకుంటా," అంది గంగాభవాని. "ముందు ఈమెను ఎత్తి బండిలో కూర్చోబెట్టు. ఇంటికి పోయి వాళ్ళోళ్ళకు ఫోను చేద్దాం."

"ఎవరత్తా ఈమె?"

"దెయ్యం. మెల్లగా ఎత్తప్పా, దాహంతో ఉండాది."

తర్వాత ఆ డ్యూటీ రూములో కథ కొంచెం పెరిగిందంట. దెయ్యాలు రెండై వచ్చి, తలుపు తియ్యలేదని కోపంతో తెల్లారేసరికి ఒక పేషెంటును వ్యానులో ఎత్తుకపోయినాయని. అంత జరిగినాక డాక్టరమ్మ మాత్రం ఊరుకుంటుందా? ఆ వారమే డ్యూటీ రూముకు ఇనప తలుపు పెట్టించింది.