మరుపు టోపీ

మూడోసారి కూడా తెర మీద గీత లేవలేదు.

"ఇంకొక్కసారి కొట్టమ్మా," అంది డాక్టర్ రెహనా, తెర మీంచి చూపు తిప్పకుండా.

అమోఘ నెత్తిన ఒక టోపీ ఉంది. ఈతగాళ్ళు పెట్టుకునే రబ్బరు టోపీలాగే ఉంటుంది గానీ, దాని లోపల అరవై నాలుగు సన్నటి తీగచుట్టలున్నాయి. ఆ అమ్మాయి బ్యాట్ సర్దుకుని బ్యాక్‌హ్యాండ్ కొట్టింది. మోచెయ్యి అంతెత్తున భుజం దాకా లేచింది. బంతి అవతలి మూలకి రివ్వున పోయింది. కొట్టిన వెంటనే అమోఘ పెదవి కొరుక్కుని, ఎడం చేత్తో కుడి భుజం పట్టుకుంది.

బల్లకి ఇటువైపు నిలబడి బంతులు అందిస్తున్న హైమావతికి ఆ నొప్పి తన భుజంలోనే కలుక్కుమన్నట్టయింది.

రాజమహేంద్రవరంలో ఎండలు ముదిరి ఆటలన్నీ నాలుగు గోడల మధ్యకి వచ్చేశాక, టేబుల్ టెన్నిస్‌కి మంచి రోజులొచ్చాయి. వీధికో బల్ల వెలిసింది. అంతకు చాలా ముందునుంచే, ముప్ఫై ఏళ్ళుగా, గోదావరి గట్టు పక్కన పాత హాల్లో హైమావతి పిల్లలకి ఆట నేర్పుతోంది. రోజుకి ఎనిమిది గంటలు నిలబడే పని. బుట్టెడు బంతులు ఒక్కొక్కటే అందించడం, నేలమీద దొర్లినవి ఏరుకోవడం, మళ్ళీ అందించడం. "గట్టిగా కొట్టడం ఆఖరి పాఠం. ముందు కాళ్ళు బంతి దగ్గరికి వెళ్ళాలి, చెయ్యి కాదు," అనేది ప్రతి కొత్త పిల్లతోనూ. ఆవిడ చేతికింద తయారైన వాళ్ళల్లో పద్దెనిమిదేళ్ళ అమోఘ అందరికన్నా పైకొచ్చింది. రాష్ట్రంలో రెండో ర్యాంకు.

అలాంటి పిల్ల భుజంలో నరం పీచులా చిరుగుతోందన్నాడు ఎముకల డాక్టరు. కారణం ఆ బ్యాక్‌హ్యాండే. ముంజేతితో ఆడాల్సిన దెబ్బని భుజంతో ఆడుతోంది. ఇంకో ఆరునెలలు ఇలాగే ఆడితే బ్యాట్ సంగతి దేవుడెరుగు, తల దువ్వుకోవడానికి కూడా చెయ్యి లేవదన్నాడు.

రెండు నెలలు ఇద్దరూ ఆ దెబ్బతో కుస్తీ పట్టారు. ప్రాక్టీసులో చెయ్యి చెప్పినమాట వినేది. మ్యాచ్‌లో స్కోరు తొమ్మిది తొమ్మిది అయ్యేసరికి మోచెయ్యి తనంతట తనే లేచిపోయేది. నేర్పడం మూడు నెలల పని, నేర్చింది మాన్పించడం మూడేళ్ళ పని అని కోచ్‌లందరికీ తెలుసు. అమోఘకి అంత వ్యవధి లేదు.

అప్పుడే ఊరికి కొత్తగా వచ్చిన శరీర కదలికల పరిశోధన కేంద్రం గురించి విని, హైమావతి తనే వెళ్ళి రెహనాని బతిమాలి ఈ ప్రయోగానికి ఒప్పించింది.

"ఇంతకీ ఇది ఏం చేస్తుందండీ?" అని అడిగాడు అమోఘ తండ్రి వీర్రాజు. ఆయన గోదావరి మీద కరెంటు లాంచి నడిపే సరంగు. పొద్దున్నుంచీ గోడవార కుర్చీలో కూర్చుని, టోపీ వంక పామువంక చూసినట్టు చూస్తున్నాడు.

రెహనా కుర్చీ ఆయనవైపు తిప్పింది. "బెల్లం అచ్చు చూశారు కదండీ. పాకం అచ్చులో పోసి చల్లారిస్తే గట్టిపడుతుంది. అలవాటూ అంతే. మెదడు వెనక భాగంలో, సెరిబెల్లమ్ అనే చోట, అలా గట్టిపడి కూర్చుంటుంది. కానీ దాన్ని పూర్తిగా, మొదటినుంచి గుర్తు చేసుకుంటే ఓ పది నిమిషాలసేపు మళ్ళీ పాకమవుతుంది. తర్వాత చల్లారి మళ్ళీ అదే అచ్చు. ఆ పది నిమిషాల్లో మా టోపీ మాగ్నెటిక్ పల్స్ పంపి, దాన్ని పాత అచ్చులో పడకుండా ఆపుతుంది."

"మరైతే ఇందాకటినుంచీ ఎందుకు అవ్వట్లేదు?"

"కొట్టించి చూస్తే పైపొరే కదులుతోంది. వేరు దొరకట్లేదు, అందుకే ఈ గీత లేవట్లేదు." రెహనా అమోఘవైపు తిరిగింది. "ఈ దెబ్బ నువ్వు మొట్టమొదట ఎక్కడ నేర్చుకున్నావు? ఎవరు నేర్పారు? ఏ మాటలు చెప్పి నేర్పారు? ఆ క్షణం గుర్తుకి రావాలి."

"ఏమో మేడమ్. ఏడేళ్ళప్పుడు. దానంతట అదే వచ్చేసినట్టుంది."

హైమావతి చేతిలో బంతి ఉంది. దాన్ని బుట్టలో పెట్టింది. మళ్ళీ తీసింది. ఆ మాట చెప్పకుండా ఇంటికి వెళ్ళిపోవచ్చు. ప్రయోగం కుదర్లేదనుకుంటారు, అంతే. పదకొండేళ్ళు దాచుకుంది, ఇంకో పదకొండేళ్ళు దాచుకోలేకపోదు. కానీ అమోఘ ఇంకా భుజం పట్టుకునే ఉంది.

"దానంతట అది రాలేదు," అంది హైమావతి. "నేనే నేర్పాను."

అమోఘ చెయ్యి భుజం మీదినుంచి జారింది.

"అప్పట్లో మన హాలుని కల్యాణ మండపం చేసేస్తామన్నారు కమిటీవాళ్ళు. పతకాలు చూపిస్తే ఆలోచిస్తామన్నారు. మూడు వారాల్లో చిన్నపిల్లల పోటీలున్నాయి. నీకు అప్పటికి బ్యాట్ బరువే ఎక్కువ. సరిగ్గా నేర్పితే ఏడాది పడుతుంది. ఆ మధ్యాహ్నం నిన్ను స్టూలెక్కించి..." హైమావతి చేతిలో బంతి బుట్టలో వేసేసింది. "'మోచెయ్యి పైకి! ఇంకా పైకి! మీ నాన్న లాంచి జెండా ఎత్తినట్టు ఎత్తు! పాయింట్ వచ్చేస్తుంది!' అన్నాను. అది తప్పని నాకు తెలుసు. తర్వాత సరిచేద్దాంలే అనుకున్నాను. నువ్వు గెలుస్తూ పోయావు. సరిచెయ్యడానికి నాకు చెయ్యాడలేదు."

వీర్రాజు లేచి నిలబడ్డాడు. హైమావతి ఆయన మొహంవైపు చూడలేకపోయింది.

"ఆ రోజుల్లో వారానికోసారి మీ దగ్గరికొచ్చి 'పతకం ఎప్పుడండీ, పతకం ఎప్పుడండీ' అని ప్రాణం తీసింది నేనే కదండీ మేడమ్ గారూ," అన్నాడు ఆయన, మెల్లగా. మళ్ళీ కూర్చున్నాడు.

అమోఘ మాత్రం తండ్రిని పట్టించుకోలేదు. కళ్ళు చిట్లించి కోచ్‌నే చూస్తోంది. "ఆ స్టూలు ఎర్రదా మేడమ్? ఒక కాలు కుంటిది?"

"అవును."

"ఆ పోటీల్లో నాకు ఏం వచ్చింది?"

"వెండి."

"అంటే ఇంత చేసి బంగారం కూడా కాదన్నమాట," అంది అమోఘ. ఆ గొంతులో కోపముందో నవ్వుందో హైమావతికి అర్థం కాలేదు. అర్థమయ్యేలోపే రెహనా గట్టిగా అరిచింది.

"లేచింది! గీత లేచింది! అమ్మా, ఆ స్టూలు మీదే ఉండు, దిగకు. మేడమ్, ఆ మాటలు మళ్ళీ చెప్పండి. అచ్చం అలాగే." ఆగి, అమోఘ దగ్గరికొచ్చింది. "ముందే చెప్తున్నా. వేరుతోపాటు దానికి అంటుకున్న మట్టి కూడా రావచ్చు. ఎంత పోతుందో నేను చెప్పలేను. వద్దంటే ఇక్కడే ఆపేద్దాం."

"తీసెయ్యండి," అంది అమోఘ.

హైమావతి ఆ మాటలు మళ్ళీ చెప్పింది. ఒకసారి కాదు, పదకొండుసార్లు. చెప్పిన ప్రతిసారీ టోపీలోంచి గోరుతో బల్లమీద కొట్టినట్టు టక్, టక్ అని చప్పుడు వచ్చింది. పది నిమిషాలు గడిచాక రెహనా స్విచ్ కట్టేసింది.

టోపీ తీసి, అమోఘని బల్ల దగ్గర నిలబెట్టారు. హైమావతి బ్యాక్‌హ్యాండ్ వైపు మెత్తగా ఒక బంతి వేసింది. అమోఘ కదల్లేదు. బంతి వచ్చి కడుపుకి తగిలి కిందపడింది. ఇంకోటి వేసింది. అదీ అంతే. ఫోర్‌హ్యాండ్‌కి వేస్తే చకచకా కొడుతోంది, ఇటు వేస్తే ఏం చెయ్యాలో తెలియనట్టు బ్యాట్ వంక చూసుకుంటోంది.

"చెయ్యి పడిపోయిందా తల్లీ?" వీర్రాజు కుర్చీలోంచి లేచొచ్చాడు.

"లేదు నాన్నా. చెయ్యి బానే ఉంది. ఇటువైపు కొట్టడమే తెలీటం లేదు."

రాష్ట్రంలో రెండో ర్యాంకు ప్లేయరుకి బ్యాక్‌హ్యాండ్ లేదు. హైమావతి దొర్లిన బంతులు ఏరి బుట్టలో వేసింది. మర్నాడు పొద్దున ఐదింటికి హాలు తలుపు తీసింది. అమోఘ అప్పటికే మెట్లమీద కూర్చుని ఉంది.

మొదటి నాలుగు రోజులు బంతి ముట్టుకోనివ్వలేదు. అద్దం ముందు నిలబెట్టి, చంకలో మడతపెట్టిన తువ్వాలు పెట్టించింది. అది కిందపడకుండా ముంజేతిని మాత్రమే ఆడించాలి. రోజుకి వెయ్యిసార్లు. తర్వాత చేత్తో వదిలిన బంతి. తర్వాత బుట్టలోంచి, నిమిషానికి ఇరవై. అమోఘ విసుక్కుంటే, "నాకు తొందర లేదమ్మా," అనేది. ఆ మాట అంటుంటే ఆవిడకే కొత్తగా ఉండేది. ఈ పిల్లకి ఏడేళ్ళప్పుడు చెప్పాల్సిన మాట అది.

టోపీ పది నిమిషాల్లో చెరిపేసింది. చెరిపినచోట రాయడానికి నాలుగు నెలలు పట్టింది.

ఐదో నెల మొదట్లో కాకినాడ క్లబ్బు అమ్మాయితో మ్యాచ్ పెట్టించింది. ఆఖరి గేమ్‌లో స్కోరు తొమ్మిది తొమ్మిది. ఆ అమ్మాయి బంతిని నేరుగా బ్యాక్‌హ్యాండ్ మీదికే కొట్టింది. అమోఘ మోచెయ్యి లేవలేదు. కాళ్ళు జరిగాయి, ముంజెయ్యి తలుపు తెరిచినట్టు తెరుచుకుంది, బంతి పక్కగీత తాకి పోయింది. ఆ తర్వాతి పాయింట్‌లో ఏం జరిగిందో హైమావతి చూడలేదు. కళ్ళు మసకబారాయి. గెలిచిందని చప్పట్లు విని తెలుసుకుంది.

మరుసటి వారం స్కాన్ చూసిన డాక్టరు, నరం అతుక్కుంటోందన్నాడు. "ఏళ్ళ తరబడి ఆడుకోవచ్చు," అన్నాడు. ఆస్పత్రి మెట్లు దిగుతూ వీర్రాజు పైకండువాతో మొహం తుడుచుకున్నాడు. అమోఘ కోచ్ చెయ్యి పట్టుకుంది. "మేడమ్, ఆ రోజు మీమీద కోపమొచ్చింది. చాలా వచ్చింది. వారం రోజులుంది. తర్వాత తువ్వాలు పడిపోకుండా చూసుకునే గొడవలో మర్చిపోయాను."

హైమావతి ఇంటికెళ్ళి, పట్టపగలు, భోజనం కూడా చెయ్యకుండా పడుకుంది. పదకొండేళ్ళలో అంత హాయిగా నిద్రపోలేదు.

కథ పేపర్లకెక్కింది. విలేకరులడిగితే హైమావతి ఏదీ దాచలేదు. తప్పు నేర్పింది తనేనని చెప్పింది. చెప్పినకొద్దీ ఒళ్ళు తేలికైంది. పరువు పోతుందనుకుంది గానీ, పోలేదు. టోపీకి మాత్రం ఎక్కడలేని గిరాకీ వచ్చింది. పేరున్న ఆటగాళ్ళంతా పాత దెబ్బలు చెరిపించుకుని, బ్యాట్ పట్టుకోవడం రాక, ఆవిడ హాల్లో అ ఆలు దిద్దుకునే బ్యాచ్‌లో చేరారు. టోపీ వస్తే కోచ్‌ల పని అయిపోతుందనుకున్నవాళ్ళు, ఇప్పుడు కోచ్‌లు చాలక తల పట్టుకున్నారు.

ఒక ఆదివారం పొద్దున సుభాషిణి అనే ఆవిడ ఆరేళ్ళ కూతురితో హాలుకొచ్చింది.

"మా మిహికకి ఆగస్టు పధ్నాలుగున టోపీ అపాయింట్‌మెంట్ దొరికిందండీ. ఎంత కష్టపడితే దొరికిందనుకున్నారు! కానీ చిక్కొచ్చిపడింది. చెరపడానికి పిల్లకి తప్పుడు అలవాటు ఒకటి ఉండాలిట. మా పిల్ల ఇంతవరకు బ్యాటే పట్టలేదు."

"అయితే అపాయింట్‌మెంట్ వదిలెయ్యండి. శుభ్రంగా సరైన ఆటే నేర్పుతాను," అంది హైమావతి.

"అయ్యో, వదులుకుంటామా అండీ! మా పక్కింటివాళ్ళ పిల్లకి టోపీ అయిపోయింది. మా అమ్మాయి వెనకబడిపోదూ?" ఆవిడ గొంతు తగ్గించింది. "తప్పు నేర్పడంలో మిమ్మల్ని మించినవాళ్ళు లేరని అందరూ అంటున్నారు. ఆగస్టులోగా ఒక మంచి తప్పు నేర్పించి పెట్టండి. వీలైతే రెండు."

హైమావతి ఆవిడ మొహంలోకి చూసింది. వేళాకోళం కాదు, నిజంగానే అడుగుతోంది. లోపలెక్కడినుంచో నవ్వు తన్నుకొచ్చింది. బల్ల పట్టుకుని ఆపుకోవాలని చూసింది గానీ ఆగలేదు. కళ్ళనీళ్ళు కారాయి. మిహిక కూడా ఎందుకో తెలియకుండానే నవ్వడం మొదలుపెట్టింది.

"అమోఘా, ఇలా రా!" అని కేకేసింది హైమావతి. "ఈ పిల్లకి నీ పాత బ్యాక్‌హ్యాండ్ కావాలిట. ఒకసారి చూపించు."

అమోఘ పక్క బల్ల దగ్గర్నుంచి వచ్చి, బ్యాట్ అటూ ఇటూ తిప్పి, మోచెయ్యి ఎక్కడికి ఎత్తాలో తెలియక ఆగిపోయింది.

"నాకు రాదు మేడమ్," అంది. "ఇప్పుడది మీకొక్కరికే వచ్చు."