మూల ప్లాటు

"మరొక్కసారి తియ్యండి మేడమ్. ఇంకొక్కసారే!"

"నచ్చేదాకా తీస్తే అది చీటీ కాదండీ, కోరిక."

ఆ పంటల పరిశోధన కేంద్రంలో ఆమెను అందరూ లెక్కల మేడమ్ అంటారు. మొక్కజొన్న పొలాన్ని నాలుగు బ్లాకులు చేసి, ప్రతి బ్లాకులోనూ అన్ని రకాలూ ఉండేలా చూసి, ఏది ఏ ప్లాటులో విత్తాలో కంప్యూటర్‌తో చీటీ తీయిస్తుంది. ఎదురుగా నుంచుని బతిమాలుతున్నవాడు వంగడాలు సృష్టించే బ్రీడరు. కొత్త రకాన్ని కళ్లలో పెట్టుకుని పెంచాడు. పల్లపు బ్లాకులో దానికి కాలువ పక్క మూల ప్లాటు వచ్చింది.

"అక్కడ నీళ్లు నిలుస్తాయండీ. తెలిసి తెలిసి పిల్లను నూతిలో తొయ్యమంటారా?"

"వేరేవాళ్ల పిల్లనైతే తొయ్యొచ్చా?"

మూతి ముడుచుకుని వెళ్లాడు. ఆ మూతి చూసి ఆమెకు నవ్వొచ్చింది. విత్తనాలు పడ్డాక కూడా ఏదో వంకతో రోజూ వచ్చేవాడు, పోట్లాడేవాడు, టీ తాగి వెళ్లేవాడు. రాని రోజున ఆమెకు కూడికలు కూడా తప్పేవి.

కంకులు గింజ కట్టే వేళకు ముసురు పట్టింది. కిటికీ వదలని కూతురిని తల్లి ఓరగా చూసింది.

"పొలం ఆఫీసుది. గాబరా నీదేంటే?"

"ఊరికే అమ్మా."

"ఊరికే అయితే పొద్దుట్నుంచీ ఆ బ్రీడరు ఊసే ఎందుకు? ఇంతకీ మనిషెలాంటివాడు?"

"మొండివాడు. మాయామర్మం మాత్రం తెలీదు."

"అయితే ఆదివారం భోజనానికి పిలు. నేనూ చూస్తాను."

మర్నాడు వాన తెరిపివ్వగానే పొలానికి పరుగెత్తింది. పల్లపు బ్లాకు మొత్తం నీళ్ల కింద ఉంది. మధ్యలో మోకాళ్ల లోతున అతను.

"ఒకటి చెప్పాలి మేడమ్. చెప్పాక మీరు నా మొహం చూడరు."

"ముందు చెప్పండి."

"విత్తే రోజు నా రకాన్ని మూల ప్లాటులోంచి తప్పించి, పక్క రకాన్ని అక్కడ వేసేశాను."

ఒకచోట చెయ్యి పెట్టినవాణ్ణి ఇంకోచోట ఎలా నమ్మడం? ఈ ప్రయోగం మొత్తం పారెయ్యాలి. నిన్న అమ్మతో అన్న మాట కూడా.

"ఎన్ని బ్లాకుల్లో?"

"ఇదిగో, ఇదొక్కటే. మిగతా మూడింటికీ మీరు పక్కనే నుంచున్నారుగా."

నిజమే. నాలుగోదాని వేళకే ఆఫీసు నుంచి పిలుపొచ్చి వెళ్లింది. ఆమె గుండెల నిండా ఊపిరి పీల్చుకుని, పకపకా నవ్వేసింది.

"నవ్వుతారేంటండీ? ఇక్కడ నా ప్రాణం పోతుంటే!"

"మునిగిన బ్లాకు ఎలాగూ లెక్కలోంచి తీసేస్తాం. అందులో అన్ని రకాలూ కలిసే మునిగాయి, ఎవరికీ అన్యాయం లేదు. మిగిలిన మూడూ చాలు. మీ నిర్వాకం మాత్రం రిపోర్టులో రాస్తాను."

"రాయండి. తిట్లు తింటాను."

"నీళ్లే దాచేశాయి కదా. నోరు మూసుకుని ఊరుకోవచ్చుగా?"

"ఊరుకునే చూశానండీ. మీ ఎదురుగా కూర్చుంటే టీ గొంతు దిగట్లేదు."

ఆమె గట్టు దిగి, నీళ్లలో నడుచుకుంటూ అతని దగ్గరికి వచ్చింది. తర్వాత, "అమ్మ ఆదివారం మిమ్మల్ని భోజనానికి రమ్మంది" అంది.

ఉత్సాహంగా ఒక్క అడుగు వేశాడో లేదో బురదలో కూరుకుపోయాడు. ఆమె చెయ్యి అందించి లాగింది. ఇద్దరూ పడుతూ లేస్తూ గట్టు చేరారు.

"వదలమంటారా?" అన్నాడు చేతివైపు చూస్తూ.

"నేనేమైనా అన్నానా?" అంది లెక్కల మేడమ్.