ఎఫ్ శిఖరం మీద, డి సున్నా మీద

"నిన్న నువ్వు చెప్పిందేమిటి? గ్రాఫ్ గీతని పి అక్షరాలతో గియ్యమనలేదూ?"

ఫాదిలా లూబిస్ గొంతుకి బాండుంగ్ యూనివర్సిటీ కంప్యూటర్ గది కిటికీ అద్దం అదిరింది. సముద్రం అవతలి మెడాన్ ఊరి పిల్ల. నెల క్రితమే ఇక్కడ ఆపరేటర్‌గా చేరింది. మాటంటే కుండబద్దలు కొట్టినట్టు అనాల్సిందే.

కిటికీ ఇవతల యాయత్ వానకి తడిసిన గొడుగుతో నిలబడ్డాడు. లెక్కల విద్యార్థి, ఈ ప్రాంతపు అచ్చమైన సుండా జాతి కుర్రాడు. గట్టిగా దగ్గితే ఎదుటివాళ్ళు నొచ్చుకుంటారేమోనని గొంతు సవరించుకోవడం కూడా మానేసే రకం.

"లేదండీ. ఎప్‌తో గియ్యమన్నాను."

"అదేగా నేనూ అంటున్నది! పి!"

"పి కాదండీ... ఎప్! పంక్షన్‌లో ఉంటుందే, ఆ ఎప్!"

వెనక క్యూ అంతా పక్కున నవ్వింది. సుండావాళ్ళ నోట 'ఫ' పలకదని ఊరందరికీ తెలుసు. ఫాదిలాకి ఇప్పుడే తెలిసింది. ఆమె మొహం ఒక్కసారి ఎర్రబడింది.

"అంటే... నన్ను 'పాదిలా' అంటున్నది ముద్దుకి కాదా?"

యాయత్ చెవులు కాలిపోయాయి. "నోరు తిరక్కేనండీ. కానీ... ముద్దుకీ అనుకోవచ్చు."

"సర్లే, లోపలికి రా. పంచ్ కార్డు మార్చి మళ్ళీ వేస్తాను. రేపు నేనుంటానో లేదో." ఆమె గొంతు తగ్గింది. "కాసేపట్లో నాన్న ఫోన్ చేస్తాడు. మా మేనత్త కొడుకుని చేసుకుంటానో లేదో తేల్చి చెప్పాలి. సరేనంటే మెడాన్ వెళ్ళిపోవడమే."

యాయత్ గొడుగు బయటే వదిలేసి లోపలికి వచ్చాడు. నెల రోజులుగా పనున్నా లేకున్నా ఈ కిటికీ దగ్గరికే వస్తున్నాడు. మనసులో మాట మాత్రం ఒక్కటీ పెగల్లేదు.

ప్రింటర్ గరగరమంటూ మొదలైంది. కాగితం మధ్యలో చుక్కలు ఒకదాని కింద ఒకటి దిగుతున్నాయి. వాటి పక్కనే ఎఫ్, డి. వరుస వరుసకీ రెండు అక్షరాలూ కుడివైపుకి జరుగుతున్నాయి.

"ఈ చుక్కలు సున్నా అండీ," అన్నాడు యాయత్. "ఎక్కడున్నామో ఎప్ చెబుతుంది. ఎటు వెళుతున్నామో, ఎంత జోరుగా వెళుతున్నామో డి చెబుతుంది. అదే డెరివేటివ్."

"మరి ఎఫ్ ఇంకా కుడికే పోతోందిగా? డి అప్పుడే వెనక్కి తిరిగిందేం?"

"ఎప్ ఎక్కుతూనే ఉంది గానీ ఊపు తగ్గిందండీ. చూడండి."

ఎఫ్ కాగితం అంచు దాకా పోయింది. సరిగ్గా ఆ వరుసలోనే డి వచ్చి చుక్కల గీత మీద వాలింది. కింది వరుసలో ఎఫ్ ఒక్క అక్షరం వెనక్కి తగ్గింది, డి గీత దాటి అవతలికి వెళ్ళిపోయింది.

ఫాదిలా ఆ వరుస మీద మెల్లగా వేలు పెట్టింది.

"శిఖరం ఇక్కడుందని మెషీన్‌కి ఎవరు చెప్పారు?"

"ఎవ్వరూ చెప్పలేదండీ. నేనిచ్చింది రెండు సూత్రాలే."

"రోజూ బండెడు కాగితాలు చింపి ఇస్తుంటాను. ఒక్కనాడూ ఇలా చూసిన పాపాన పోలేదు!"

యాయత్‌కి ఇది కొత్త సంగతేం కాదు. తరగతిలో ఎన్నిసార్లో నిరూపించాడు. అయినా ఉత్త అక్షరాలు కళ్ళెదుట ఒక కొండని కట్టి, దాని కొసని తప్పకుండా పట్టుకోవడం చూస్తే ఒళ్ళు గగుర్పొడిచింది. ఆ అబ్బురంలో భయం ఎటు పోయిందో పోయింది.

"నేనెక్కడున్నానో అందరికీ కనబడుతూనే ఉందండీ, ఈ కిటికీ ముందు. ఎటు వస్తున్నానో మీరొక్కరే చూడలేదు. మెడాన్ వెళ్ళకండి. మీరంటే నాకు ప్రాణం."

ఫాదిలా ఆ కాగితం మడిచి పక్కన పెట్టుకుంది. "ఆ ముక్క అనడానికి ఇంత కాగితం తగలెయ్యాలా?" అంది. ఆమె కళ్ళు తడిగా మెరుస్తున్నాయి.

ఫోన్ మోగింది. నాన్న గొంతు రిసీవర్ దాటి గదంతా వినబడుతోంది.

"బావ వద్దు నాన్నా. ఇక్కడొకడున్నాడు."

"ఎవడే? ఇంటిపేరేంటి?"

ఫాదిలా యాయత్ వైపు చూసింది. సుండావాళ్ళకి ఇంటిపేర్లు ఉండవు.

"లేదు నాన్నా. ఒట్టి యాయత్."

ఇంటిపేరు లేనివాడికి పిల్లనివ్వడం వాళ్ళ వంశంలో ఎరగరు. యాయత్ కళ్ళు మూసుకున్నాడు. ఫోన్‌లో గుసగుసలు, ఒక ఆడగొంతు, ఆ తర్వాత పెద్ద నవ్వు.

"ఒసే, మీ మేనత్త ఇక్కడే ఉంది. ఆవిడ కొడుకూ ఎవర్నో చూసుకున్నాడట, ఇన్నాళ్ళూ నాకు చెప్పలేక చస్తోంది! ఈ కుర్రాణ్ణి మన ఆచారం ప్రకారం కొడుకుగా తీసుకుని తమ ఇంటిపేరు ఇస్తానంటోంది. ఇంకేం, మేనత్త కొడుకునే చేసుకుంటున్నావు. నా మాటే నెగ్గింది!"