వారం వారం మోగే మాట

"ఏటి సార్, నా ఆదివారాల మీద మీకంత కన్నేటి?"

కల్యాణి ప్రవీణ్‌కుమార్‌తో అన్న మొట్టమొదటి మాట ఇది. ప్రేమకథకి పువ్వుతో మొదలయ్యే యోగం ఉండాలి. వీళ్లది పేచీతో మొదలైంది.

ఇంద్రావతి దగ్గరి భోపాల్‌పట్నంలో ఇప్పవనం ట్రేడర్స్ అని ఒక కంపెనీ. అడవి సంతల్లో ఇప్పగింజలు, చింతపండు కొని పట్నాలకు పంపుతుంది. కొనుగోలు వాళ్లు సంతలో సరుకు పెట్టుకుని కూర్చుంటే లారీ ఇంకెక్కడో ఉండేది. లారీ గోదాముకు చేరితే తాళం అకౌంట్స్ బల్ల మీద ఉండేది. గోడౌన్ ఇన్‌చార్జి ఎప్పుడు చూసినా "డౌన్"లోనే, అంటే భోజనానికి కిందికి. విసిగిపోయిన యజమాని సీతారాములు సేట్ ఒకరోజు ఆఫీసు చూసే ప్రవీణ్‌ని పిలిచి అన్నాడు:

"ప్రవీణూ, డిగ్రీ చదివినవు గదా. అందరి ఫోన్లల్ల ఒక్కటే క్యాలెండర్ పెట్టు. ఎవడు ఎప్పుడు ఏడ ఉంటడో అందరికీ కనపడాలె."

ప్రవీణ్ పెట్టాడు. కొనుగోలుకు పచ్చ, రవాణాకు నీలం, గోదాముకు ఇటుక రంగు, అకౌంట్స్‌కు ఎరుపు. ఇంకో తెలివి కూడా వాడాడు. ఇక్కడ తారీఖులెవరికీ గుర్తుండవు, సంతలు గుర్తుంటాయి. సంత వారానికోసారి. అందుకని ఏది రాసినా అది ప్రతి వారం దానంతటదే మళ్లీ వచ్చేట్టు అమర్చాడు.

కల్యాణి అకౌంట్స్‌లో కొత్తగా చేరిన పిల్ల. కిరందుల్ రైల్వే క్వార్టర్స్‌లో పెరిగింది, వాళ్ల నాన్న సన్యాసిరావుది విజయనగరం వైపు. ఒక్క ఆదివారం స్టాక్ లెక్క చూద్దామని రాసుకుంది. క్యాలెండర్ ఆమె ఆదివారాలన్నీ ఎర్రగా పూసేసింది.

"ఏంది మేడమ్, అంత కోపం? కింద రిపీట్ గుర్తున్నది చూడుర్రి. అది తీసేస్తే ఒక్కసారికే ఆగుతది."

"తీయడం మర్చిపోతేనో?"

"జీవితాంతం మోగుతది."

"బావుంది. పెళ్లికన్నా గట్టిదన్నమాట మీ క్యాలెండరు!"

నవ్వింది. ఎరుపు అకౌంట్స్‌కిచ్చినా అది ప్రవీణ్ చెవులకే ఎక్కింది.

ఆ తర్వాత అకౌంట్స్‌కూ ఆఫీసుకూ కోఆర్డినేషన్ మీటింగులు హఠాత్తుగా పెరిగాయి. పేరుకి మీటింగ్, మీటింది మాత్రం గుండెని. చాయ్ హోటల్ రేకుల కింద, వాన పడుతుంటే, ఒకే గొడుగు తెచ్చుకుని ఇద్దరూ దాన్ని మూసే ఉంచేవాళ్లు. తెరిస్తే ఆఫీసుకు వెళ్లాలి కదా.

"మీ 'ఏంది' వింటే నాకు నవ్వొచ్చేస్తాది."

"నీ 'ఏటి' వింటే నాకు ఏట్ల దిగినట్లైతది."

"అంత మునిగిపోయేరేటి?"

జవాబు చెప్పడానికి ప్రవీణ్ నోరు తెరిచేలోపు చాయ్ చల్లారేది. రేపు చెబుదాంలే అనుకునేవాడు. అందరి రేపులూ సర్దిన మనిషికి తన రేపు మాత్రం ఏ గడిలోనూ పడలేదు.

ఈలోగా ఒక ముచ్చట జరిగింది. కొనుగోలులో ఉప్పలయ్య అని పాత మనిషి. సంతకు పోయేవాళ్ల నోట కబురు పంపడం, తేవడం అతని అలవాటు, ఆ మాటకొస్తే ఈ దేశం అలవాటే. ఒకరోజు ఎవరో చెప్పిన మాట పట్టుకొచ్చి లారీని తోంగ్‌పాల్ వైపు పంపించాడు. అక్కడ గింజ లేదు, లారీ గలగలలాడుతూ ఖాళీగా తిరిగొచ్చింది. ప్రవీణ్ అందరి ముందూ అందుకున్నాడు.

"ఇయ్యాల్టి నుంచి నోటి కబురు బంద్! క్యాలెండర్ల లేని మాట లేనట్టే. నోటితో ఇంకోసారి కబురు తెస్తే నౌకరీ ఉండదు!"

అప్పటిదాకా "అల్లుడా" అని పిలిచే ఉప్పలయ్య తల వంచుకుని, "సరే సార్" అన్నాడు.

"పెద్దాయన్ని అలాగ అనీసారేటి?" అంది కల్యాణి.

"రూల్ రూలే."

"మీరు రూల్ కాదు, రూళ్లకర్ర."

ఇప్పగింజల కాలం వచ్చింది. ప్రవీణ్ తర్లగూడ దాటి లోపలి సంతలకు వెళ్లాడు. వెళ్లిన మర్నాడే వాన కుమ్మేసింది, ఆ వైపు టవర్ పడిపోయింది. ఫోన్‌లో కల్యాణి ఫొటో తప్ప ఏమీ మిగల్లేదు. సంతలో ఆమె కోసం ఎర్రపూసల దండ కొన్నాడు. ఈసారి వెళ్లగానే చెప్పేస్తా అని, ఆ మాట దండకు చెప్పి చూసుకున్నాడు. దండ కాదనలేదు.

శనివారం సంతకు బండితో ఉప్పలయ్య వచ్చాడు.

"ఆఫీసుల ఏంది సంగతి మామా?"

ఉప్పలయ్య అతని చేతిలో వెలుగుతున్న ఫోన్ వంక చూశాడు. నోరు తెరిచి, మూశాడు.

"అంత మంచిగనే ఉన్నది సార్."

మంగళవారం ఊరి పొలిమేరలోకి జీపు రాగానే ఫోన్ ఒక్కసారి గిలగిలలాడింది. ఎర్ర రంగు. *కల్యాణి, ప్రవీణ్. ముఖ్యమైన మాట. ఆదివారం నాలుగింటికి, ఇంద్రావతి వంతెన.*

ఆదివారం దాటి అప్పటికే రెండు రోజులు. పూసల దండ జేబులోనే ఉంచి అకౌంట్స్ గదికి పరుగెత్తాడు.

కల్యాణి తల ఎత్తలేదు. "ఉప్పలయ్యగారు చెప్పలేదా?"

"ఏం చెప్పాలె?"

"నాన్న సంబంధం తెచ్చారు. సోమవారం జవాబు కావాలన్నారు. మీ ఫోను కలవలేదు. మీ రూల్ ప్రకారం క్యాలెండర్లో వేసేను. నమ్మకం లేక ఆయన చేత కబురూ పంపేను. 'సరే బిడ్డా' అన్నారు. వంతెన మీద తడిసి నిలబడ్డాను ప్రవీణ్. చీకటి పడీ దాకా. రాలేదంటే అదే జవాబు అనుకున్నాను."

"నాకు అందలే కల్యాణీ! ఇప్పుడు చెప్తున్న గదా. మీ నాయనకు ఫోన్ చెయ్. కాదని చెప్పు."

"నేను సరే అనీసాను. నాన్న వాళ్లకి మాటిచ్చీసారు." అప్పుడు చూసింది అతని వంక. "నోటి మాట మీ దగ్గర చెల్లదు. మా ఇంట్లో చెల్లుతాది."

ఉప్పలయ్య గోదాము గుమ్మంలో బస్తా మీద కూర్చుని ఉన్నాడు.

"చెప్పిందా మామా నీకు?"

"చెప్పింది సార్. నోటిదాకా వచ్చింది. అందరి ముందట మళ్ల ఇజ్జత్ తీస్తవు, నౌకరీ పోతదని భయమైంది. క్యాలెండర్ల ఏసిన అన్నది గదా బిడ్డ. నీ చేతుల ఫోన్ ఉండె, దాని దిక్కే చూసి నవ్వుకుంటుంటివి. టవర్ లేదని నాకేం ఎరుక? చదివినవనుకున్న."

ప్రవీణ్ ఆ బస్తా పక్కనే కూర్చున్నాడు. తిట్టే మాటలన్నీ లారీ ఖాళీగా వచ్చిన రోజే వాడేశాడు.

నెల తిరగకుండా ఎర్ర గడిలో *కల్యాణి, పెళ్లి సెలవు* అని వచ్చింది. మంజూరు చేయాల్సింది క్యాలెండర్ పెట్టినవాడే. చేశాడు. సెలవు అడిగిన మనిషి సెలవు తీసుకునే వెళ్లిపోయింది. వెళ్లే ముందు ఉప్పలయ్య కాళ్లకు దండం పెట్టింది. ప్రవీణ్ బల్ల ముందు ఆగి, గొడుగు అక్కడ పెట్టి, వానలోనే బస్సెక్కింది.

ఇప్పుడు ఆదివారం సంతకు ప్రవీణే వెళ్తాడు. బస్తాలు తూకం వేస్తుండగా నాలుగింటికి జేబులో ఫోన్ మోగుతుంది. *ముఖ్యమైన మాట.* కల్యాణి రిపీట్ గుర్తు తీయలేదు. మర్చిపోయిందో, తీయబుద్ధి కాలేదో, ఏ డిపార్ట్‌మెంటూ చెప్పలేదు. ఆ మాట మొదటిసారి అందడానికి టవర్ కావలసి వచ్చింది గానీ, ఒకసారి ఫోన్‌లో చేరాక దానికి ఏ టవరూ అక్కర్లేదు. ఎంత లోపలి అడవిలోనైనా మోగుతుంది.

"ఏంది సార్, మీటింగా?" అని ఉప్పలయ్య అడిగాడు.

"అయిపోయింది మామా."

ఫోన్ నొక్కి జేబులో వేసుకున్నాడు. పూసలు చేతికి తగిలాయి.

"వచ్చే వారం కూడ ఉన్నది," అన్నాడు.