చీలగుట్ట దగ్గర నలభై గజాలు

రామన్నపేట అవతల చీలగుట్టకు పొద్దుగూకాక ఎవరూ పోరు. నిజాం జమానాలో గుట్టను నడుమకు చీల్చి, రాయి మోసే చిన్న రైలుకు దారి వేశారట. ఆ పనిలో బండలు విరిగిపడి కూలోళ్లు చచ్చిపోయారంటారు. ఎంతమందో తెలియదు. కూలోళ్ల పేర్లు ఎవరు రాసిపెడతారు గనక! రాత్రయితే అక్కడ ఉత్తకాళ్ల అడుగులు వినిపిస్తాయనీ, విన్నవాళ్లు వెనక్కి తిరిగి చూడకూడదనీ మాత్రం చుట్టుపక్కల పసిపిల్లలకు కూడా తెలుసు.

సునీల్ ఇవన్నీ నవ్వి కొట్టిపారేసే మనిషి. బడిలో సైన్సు చెబుతాడు. పాడుబడ్డ ఆ చిన్నలైనును మళ్లీ నిలబెట్టాలని ప్రతి ఆదివారం పదిమందిని పోగేసి పని చేయించేవాడు. భార్య మెర్సీ చర్చి అయిపోగానే టిఫిన్ డబ్బాతో వచ్చేసేది. రెండు కొసల నుంచీ పట్టాలు వేసుకుంటూ వచ్చారు. నడుమ, సరిగ్గా చీలగుట్టలో, నలభై గజాలు మిగిలిపోయింది. అక్కడి పాత పట్టాలను ఏ పుణ్యాత్ముడో ఎప్పుడో ఊడబెరికి పాత ఇనుము కింద అమ్ముకున్నాడు.

ఆ ఆదివారం ముసురు పట్టింది. వాగు పొంగేలా ఉందని అందరూ ముందే ఇళ్లకు పోయారు. పనిముట్లు సర్దడానికి మొగుడూ పెళ్లాలిద్దరే ఉండిపోయారు. పట్టాల కింది పాత దుంగ ఒకటి పక్కకు జరపబోయిన మెర్సీ, చెయ్యి చటుక్కున వెనక్కి లాక్కుంది.

"ఏందో కుట్టింది..."

కట్లపాము దుంగ కిందికి జారిపోవడం సునీల్ కళ్లారా చూశాడు.

108కి ఫోన్ చేస్తే, "రోడ్డు మునిగింది సార్. బండి వాగు అవతల పెడతం, మీరే రావాలె" అన్నారు. వాగు మీద రైలు వంతెన ఒక్కటే మునగకుండా ఉంది. అక్కడికి మైలున్నర... చీలగుట్టలోంచే పోవాలి.

వాళ్లు బాగుచేసిన తోపుడు ట్రాలీ ఉంది. పట్టాల మీద ఒక్కడు తోసినా కదులుతుంది గానీ, ఎత్తాలంటే నలుగురు మగాళ్లు కావాలి. సునీల్ మెర్సీని దాని మీద పడుకోబెట్టి తోయడం మొదలుపెట్టాడు. పట్టాలు ఆగిన చోట ట్రాలీని వదిలేసి, ఆమెను భుజాన వేసుకోవాలి. అంత దూరం మోయగలడా? మోయాలి. వేరే దారి లేదు.

"మెర్సీ, మాట్లాడు. నిద్రపోకు."

"రెప్పలు... నిలుస్తలేవు..."

చీకటి పడింది. ఫోన్ తడిసి లైటు ఆరిపోయింది. గుట్టలో ఎత్తు మొదలైంది. సునీల్ చెప్పులు జారాయి, మోకాళ్లు చెక్కుకుపోయాయి, ట్రాలీ ఆగింది... జానెడు వెనక్కి దొర్లింది. దాన్ని ఛాతీతో ఆపి ఏడ్చాడు. చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

"యేసయ్యా... నా పిచ్చి కోసం దీన్ని తీస్కొచ్చి సంపుకుంటున్న... ఎవలన్న రాండ్రి..."

ఆ మాట గుట్టకు కొట్టుకుని తిరిగొచ్చింది. తర్వాత - అడుగులు.

ఉత్తకాళ్లు. వెనక నుంచి. దుంగ మీంచి దుంగ మీదికి...

సునీల్ తిరిగి చూడలేదు. ధైర్యం ఉండి కాదు, తిరిగే తీరిక లేక. ట్రాలీ తేలికైంది. అతని చేతుల కింద దానంతటది ఎక్కిపోతోంది. ఎవరిదో ఆయాసం అతని మెడ వెనకే వినిపిస్తోంది. తల దించుకుని ట్రాలీతో పాటు నడిచాడు.

"మెర్సీ?"



ఇక్కడే... ఇక్కడే పట్టాలు అయిపోవాలి.

చక్రాల చప్పుడు ఆగిపోయింది.

ట్రాలీ ఆగలేదు.

నడుము దగ్గర పట్టుకున్న ట్రాలీ కమ్మీ మెల్లగా పైకి లేచింది... ఛాతీ దాకా... భుజం దాకా. కాళ్ల కింద ఉత్త కంకర. దాని మీద తనవి కాని అడుగులు, బరువుగా, ఒక్క వరసలో. సునీల్ కళ్లు గట్టిగా మూసుకున్నాడు. అయినా కమ్మీ వదల్లేదు, ఎందుకంటే దాని అవతల మెర్సీ ఉంది.

కమ్మీ కిందికి దిగింది. చక్రాలు మళ్లీ ఇనుముకు తగిలాయి. ఎదురుగా వంతెన, దాని అవతల అంబులెన్సు దీపం.

మూడు రోజులు దవాఖానలో మెర్సీకి గొట్టంతోనే ఊపిరి. సునీల్ ఆ రాత్రి సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆదివారాలు తనతో పనిచేసే రాజేశ్ ఫోన్ చేసి, "ట్రాలీ వంతెన కాడ ఉందేందన్నా? నడుమ పట్టాలే లేవు గద, ఎవలు మోసిర్రు?" అని అడిగితే ఫోన్ పెట్టేశాడు.

నాలుగో రోజు గొట్టం తీశారు. మెర్సీ పెదవులు కదిలితే సునీల్ చెవి దగ్గర పెట్టాడు.

"కండ్లు తెరుసుడు రాలే గని... నాకంత తెలుస్తనే ఉండె" అంది గుసగుసగా. "నలుగురు... రొప్పుకుంటనే మోసిర్రు, పాపం. వాళ్లకు నీళ్లన్న ఇచ్చినవా?"