కోతమిల్లు తలుపు

శవం చెక్కవంతెన కింద, రాళ్ల మీద పడి ఉంది.

చనిపోయింది టింబర్ డిపో యజమాని. ఊరంతా 'కలప రాజా' అంటారు. రోజూ ఉదయం వాకింగ్‌కి వచ్చి, వంతెన మధ్యలో రెయిలింగ్‌కి ఆనుకుని సిగరెట్ కాల్చడం అలవాటు. ఈ రోజు రెయిలింగ్ విరిగింది.

కాదు. ఎవరో కోశారు.

ఇన్‌స్పెక్టర్ వంగి చూసింది. రెండు స్తంభాల దగ్గరా కింది నుంచి రంపం పెట్టి, పైన వేలెడు మందం మాత్రమే వదిలారు.

"కొత్త పెళ్లికూతురు మీరు. హనీమూన్ ఇక్కడేనా మేడం?" హెడ్ కానిస్టేబుల్ అడిగాడు.

"మా ఆయనా అదే అన్నాడు. వంతెన ఫొటో పంపమన్నాడు. శవం లేకుండా." నవ్వుతూనే తెగిన రెయిలింగ్‌ని ఫొటో తీసి పంపింది. వెంటనే నాలుగు గుండె బొమ్మలొచ్చాయి. బుగ్గలు ఎర్రబడ్డాయి. ఫోన్ జేబులో దాచేసింది.

అవతలి గట్టున ఒకప్పుడు దొరల కోతమిల్లు ఉండేది. ఈ వంతెన చెక్కలన్నీ అక్కడ కోసినవే. ఒక మధ్యాహ్నం మిల్లు కాలిపోయింది. కోతపనివాళ్లు లోపలే మాడిపోయారు. ఇప్పుడక్కడ తుప్పలే మిగిలాయి.

వాటి మధ్య కొత్త శిలాఫలకం. రేపు ఆవిష్కరణ. 'తాగిన కోతపనివాళ్లు నిప్పంటించగా, మేస్త్రీ ప్రాణాలకు తెగించి వంతెనను కాపాడెను.'

ఆ మేస్త్రీ కలప రాజాకి తాత. ఫలకం పెట్టించింది కలప రాజా.

అనుమానితులు ఇద్దరు. ఆస్తి దక్కబోయే అల్లుడు. ఫలకం మీద రాసింది అబద్ధమని గొడవపడ్డ కాలేజీ హిస్టరీ లెక్చరర్. ఇద్దరూ ఉదయమే శవాన్ని చూడటానికి వచ్చి వెళ్లారు.

సాయంత్రం వాన జల్లులో ఇద్దరినీ వంతెన మీదికి పిలిపించింది.

"మీ మామగారంటే పడదట?"

"ఎవరికి పడేది మేడం? అంతమాత్రాన చంపేస్తామా?" అన్నాడు అల్లుడు.

ఇన్‌స్పెక్టర్ రెయిలింగ్ మొండిని వేలితో తాకింది. జారింది. ఫోన్ తీసి ఉదయం ఫొటో చూపించింది.

"పొద్దున కోత తెల్లగా, పొడిగా ఉంది. ఇప్పుడు మైనం మెరుస్తోంది. హెడ్ గారూ, కాపలా ఎవరు?"

"నేనే మేడం. రెండు నిమిషాలు టీకి..."

"ఆ రెండు నిమిషాల్లో హంతకుడు వచ్చాడు. సాక్ష్యం చెరపడానికి కాదు. మబ్బు పట్టింది కాబట్టి, కోసిన కర్ర తడవకుండా మైనం రాయడానికి."

అల్లుడు తెల్లమొహం వేశాడు. "మైనమా? మా డిపోలో కోసిన సరుకు కోసినట్టే లారీ ఎక్కుతుంది. మాకంత ఓపికెక్కడిది!"

"లెక్చరర్ గారూ, మీ హ్యాండ్‌బ్యాగ్ ఇస్తారా?"

ఆవిడ ఇచ్చింది. లోపల కొవ్వొత్తి. దానికి రంపపు పొట్టు అంటుకుని ఉంది.



"మా నానమ్మ నేర్పింది," అంది లెక్చరర్. "కోసిన ముఖం అలా వదిలేస్తే కర్ర నీళ్లు తాగి పగులుతుంది. మిల్లులో తాతయ్య వాళ్ల పద్ధతి. ఈ వంతెన ఆయన చేతి పని. దీని మీద రంపం పెట్టాల్సి వచ్చింది. చెయ్యి ఊరుకోలేదమ్మా."

"మరి మనిషిని చంపినందుకు?"

"దానికి నాకేం బాధ లేదు."

లెక్చరర్ అవతలి గట్టు వైపు చెయ్యి చూపించింది.

"కోతపనివాళ్లు పని ఆపుతామన్నారని మేస్త్రీ బయట గడియ పెట్టి నిప్పంటించాడు. నానమ్మ ఈ గట్టున నిలబడి, తాతయ్య వాళ్లు తలుపు బాదుతుంటే విన్నది. తను పోయేదాకా తలుపు చప్పుడైతే చాలు, ఉలిక్కిపడేది. ఇదంతా ఈ కలప రాజాకి చెప్పాను. ఫలకం మార్చమని బతిమాలాను. నవ్వాడు. 'చచ్చినోళ్లొచ్చి సాక్ష్యం చెప్తారా లెక్చరర్ గారూ?' అన్నాడు."

"కోర్టుకి వెళ్లొచ్చు కదా?"

"ఎప్పుడో చచ్చినవాళ్ల కోసం ఏ కోర్టు తలుపు తీస్తుందమ్మా? ఇప్పుడు ఈయన కోసం తీస్తుంది. ఎందుకు చంపావని అందరి ముందూ అడుగుతారు కదా?"

"అడుగుతారు."

లెక్చరర్ మొదటిసారి నవ్వింది. రెండు చేతులూ ముందుకు చాపింది.

"అయితే పదండి. స్టేట్‌మెంట్ మొదటి లైను నేను చెప్తాను, రాసుకోండి. గడియ బయట నుంచి పెట్టారు."