తుప్పు పట్టని మూత

పార్కు మీద మంచు ఇంకా విడలేదు. కార్ల రేసుకు సేఫ్టీ ఇన్‌స్పెక్టర్‌గా ఉన్న పెద్దమనిషి రోజూలాగే కొలను చుట్టూ జాగింగ్ చేస్తున్నాడు. మలుపులో ఒకడు సైకిలు ఆపుకుని చక్రం వైపు దిగులుగా చూస్తున్నాడు.

"సార్, కాస్త ఈ పంపు పట్టుకుంటారా?"

ఇన్‌స్పెక్టర్ మంచివాడు. పట్టుకున్నాడు. పంపు పిడిలోంచి సన్నటి సూది అరచేతిలో దిగింది. ఆయన బెంచీ దాకా కూడా వెళ్ళలేకపోయాడు. సైకిలు మాత్రం చాలా బాగానే వెళ్ళిపోయింది.

గుండెపోటు అని రాసేశారు. మర్నాడు సిటీ కౌన్సిల్ మీటింగు. ఏళ్ళ తరబడి పార్కులో జరుగుతున్న రేసును నగరం నడిబొడ్డున వీధుల్లోకి మార్చాలన్న ప్రతిపాదన వచ్చింది. వద్దని గొంతు చించుకున్న ఒకే ఒక్క మనిషి మార్చురీలో ఉన్నాడు కాబట్టి అభ్యంతరం రాలేదు. సభ్యులు బల్లలు చరిచి ఆమోదించారు. ఆ బల్లలకు నోరుంటే నాలుగు తిట్టి ఉండేవి.

ఊళ్ళో ఒక ఇన్సూరెన్స్ కంపెనీ ఆఫీసు ఉంది. అందులో పాత ఫైళ్ళ గది వెనక తలుపు తీస్తే రహస్య విభాగం. అక్కడి చీఫ్‌ను అందరూ పెద్దాయన అంటారు. ఆయన ఎదురుగా కూర్చున్న ఏజెంటును చిటపట అంటారు. పేరు పెట్టినవాడెవడో గాని అన్యాయంగా పెట్టలేదు. ఆమె మాట వేడి నూనెలో నీళ్ళు చిలకరించినట్టే ఉంటుంది.

"ఇది ఆయుధాలమ్మే విదేశీ ముఠా పని," పెద్దాయన సూది గుర్తు ఫోటో ముందుకు తోశాడు. "పొరుగు దేశపు మంత్రి మన రేసు చూడటానికి వస్తున్నాడు. గెలిచినవాడికి గళ్ళ జెండా ఊపేది ఆయనే. మర్నాడు సరిహద్దు ఒప్పందం మీద సంతకాలు. యుద్ధం రాకపోతే ముఠాకు వ్యాపారం లేదు. మంత్రి మన గడ్డ మీద చస్తే కావలసినంత వ్యాపారం."

"అయితే రేసును పార్కు నుంచి ఎందుకు మార్పించారు? పార్కులో చెట్లు, పొదలు. చంపాలంటే అదే సులువు కదా సర్?"

"టీవీ కోసమట. వెనకాల పెద్ద పెద్ద భవనాలు కనబడాలట. షోకిల్లా రిపోర్టు అదే."

షోకిల్లా మన ఏజెంటే. రేసు ప్రమోటర్ వేషంలో ముఠాలో చొరబడ్డాడు. తెల్ల సూటు, మెరిసే గోళ్ళు. అతను దిగిపోయాక కూడా లిఫ్టులో చాలాసేపు సెంటు వాసన మిగిలేది. ఆఫీసులో టైపిస్టుల దగ్గర్నుంచి పెద్దాయన దాకా అతని మాటకు తలూపనివాళ్ళు లేరు.

"టీవీ కోసం మనిషిని చంపుతారా? ఎవరి చెవిలో పువ్వులు పెడుతున్నాడు?"

"చిటపటా! నీకు అతనంటే కిట్టదు."

"కిట్టకపోవడమేమిటి సర్! నాలుగేళ్ళు కలిసి పనిచేశాం. ఇంట్లో సంగతులు కూడా చెప్పుకున్నాను. రిపోర్టులో జవాబు లేదంటున్నాను, అంతే."

"రేసు రోజున నువ్వు మలుపులో జెండా ఊపే ట్రాక్ మార్షల్‌వి. అతను కంట్రోల్ టవర్లో ఉంటాడు. అతను చెప్పింది చెయ్యి. ఆ ముఖం కాస్త మామూలుగా పెట్టుకో."

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. గోడకు చెప్పినా కాస్త ప్రతిధ్వని వస్తుంది కదా అనుకుంటూ తలుపు ధడాలున వేసి బయటపడింది.

అసలు భయం వేరే ఉంది. ఆ రేసులో తొమ్మిదో నెంబరు కారు నడుపుతున్నది ఆమె తమ్ముడు. నిన్నటి దాకా పాత కార్లు రిపేరు చేసుకుంటూ చిన్నచిన్న పోటీల్లో దిగేవాడు. ఉన్నట్టుండి పెద్ద టీము పిలిచి సీటిచ్చింది. ఇల్లంతా పండగ. అక్క ఇన్సూరెన్స్ కంపెనీలో క్లెయిములు చూస్తుందనే వాడి నమ్మకం. ఆమె ఆ సాయంత్రమే గ్యారేజీకి వెళ్ళింది.

"ఈసారికి మానెయ్యరా," అంది.

కారు కిందనుంచి తల బయటికి వచ్చింది. "నీకేమన్నా పిచ్చి పట్టిందా అక్కా? ఇన్నాళ్ళకి ఒక్క ఛాన్సు వస్తే!"

"వీధుల్లో గోడలు దగ్గరగా ఉంటాయి. ప్రమాదం."

"నీకు అన్నీ ప్రమాదాలే. ఇన్సూరెన్స్ బుర్ర. చిన్నప్పుడు పార్కులో సైకిలు తొక్కుతుంటే కూడా ఇంతే." నవ్వాడు. "గుర్తుందా? గేటు దగ్గర కాపలా కాసేదానివి. అమ్మ వస్తుంటే రెండు చేతులూ నెత్తిన పెట్టుకునేదానివి. నేను బ్రేకు వేసి పొదల్లో దూకేవాణ్ణి. ఇప్పటికీ ఎవరైనా నెత్తిన చేతులు పెట్టుకుంటే నా కాలు దానంతటదే బ్రేకు మీదకి పోతుంది."

"నవ్వకు. చెప్పింది విను."

"వినను," అని మళ్ళీ కారు కిందికి వెళ్ళిపోయాడు. బయట మిగిలిన రెండు కాళ్ళను ఆమె కోపంగా చూసింది. ఆ కాళ్ళంటే ఆమెకు ప్రాణం.

రేసు రోజు తెల్లవారుజామున వాన కురిసి వెలిసింది. నారింజ రంగు మార్షల్ దుస్తుల్లో చిటపట కంట్రోల్ టవర్ వెనక నిలబడింది. షోకిల్లా బురద తొక్కకుండా గెంతుతూ వచ్చాడు.

"పార్కులో బాతులున్నాయా?" అన్నాడు మెల్లగా. అది కోడ్.

"వాన వెలిశాక వస్తాయి," ఆమె విసుగ్గా జవాబు చెప్పింది. బాతుల కోడ్ కనిపెట్టింది కూడా అతనే.

"స్టాండుకు ముందు వచ్చే మలుపులో నీ డ్యూటీ. భయమేమీ లేదు. అంతా క్లీన్. నీ తమ్ముడి రేసు హాయిగా చూసుకో." కన్నుకొట్టి టవర్ ఎక్కిపోయాడు.

ఆమె వెళ్ళబోతుంటే కాలి కింద ఏదో కదిలింది. డ్రైనేజీ మ్యాన్‌హోల్ మూత. పక్కనే సామాను సర్దుకుంటున్న ఇద్దరు వెల్డర్లను పిలిచింది.

"దీన్ని ఎందుకు వదిలేశారు?"

"ఇది ట్రాకు మీద లేదు మేడమ్. పెద్ద కార్ల గాలి లాగుడికి మూతలు లేచి ఎగిరిపోతాయని రోడ్డు మీదవన్నీ వెల్డ్ చేశాం. దీన్ని వదిలెయ్యమని తెల్ల సూటాయన చెప్పారు."

"ఎవరైనా కాలు జారి పడితే తెల్ల సూటాయన వచ్చి తీస్తాడా? చెయ్యండి!"

"సామాను సర్దేశాం మేడమ్..."

"విప్పండి!"

ఆమె గొంతుకు టవర్ మీది పావురాలు లేచిపోయాయి. వెల్డర్లు పీడ వదిలితే చాలని నాలుగు పక్కలా నిప్పులు రాల్చి మూత బిగించేశారు. "ఇప్పుడు మెరుస్తున్నా రేపటికి ఇదీ ఎర్రబడుతుంది," అన్నాడు అందులో పెద్దవాడు గొణుగుతూ. "రంగు వెయ్యడానికి టైమివ్వలేదు. మొన్న చేసినవన్నీ ఇందాకటి వానకి తుప్పెక్కిపోయాయి."

రేసు మొదలైంది. వీధులు దద్దరిల్లాయి. గాజు కిటికీలు గజగజలాడాయి. మందుల షాపు, బ్యాంకు, చెప్పుల దుకాణం, అన్నింటి ముందూ కాంక్రీటు గోడలు, ఇనుప వలలు. బాల్కనీల్లో జనం చెవులు మూసుకుని కేకలు వేస్తున్నారు. మలుపులో నిలబడ్డ చిటపట ఎదురుగా నిటారు రోడ్డు, దాని కుడివైపు వీఐపీ స్టాండు. తమ్ముడు అందరికంటే ముందున్నాడు. ఎంత కోపంగా ఉన్నా ఆమె ఛాతీ కాస్త పొంగింది.

చివరి ల్యాపు బోర్డు లేచింది. మంత్రి మెట్లు దిగి, గళ్ళ జెండా పుచ్చుకుని స్టాండు అంచున గోడ పక్కకు వచ్చి నిలబడ్డాడు. అప్పుడే మబ్బు విడి ఎండ కాసింది.

రోడ్డు పొడుగునా మూతల చుట్టూ వెల్డింగు గుర్తులు ఎర్రగా, తుప్పు రంగులో ఉన్నాయి. స్టాండు ముందున్న ఒక్క మూత చుట్టూ మాత్రం వెండిలా మెరుస్తున్నాయి.

వాన దానికొక్కదానికే పడలేదా?

ఆమె లిప్‌స్టిక్ తీసి దాని అడుగుభాగం తిప్పింది. ల్యాబ్ వాళ్ళిచ్చిన ట్రాన్స్‌మీటర్ అది. "కంట్రోల్! వెంటనే రెడ్ ఫ్లాగ్ వేసి రేసు ఆపు. ఒక మూతకి వెల్డింగు లేదు!"

"స్టాండు ముందుదేనా?" షోకిల్లా గొంతు హాయిగా ఉంది. "దాన్ని దగ్గరుండి నేనే చేయించాను. కంగారు పడకు. తమ్ముడు గెలవబోతున్నాడు, చప్పట్లు కొట్టు."

ఏ మూతో ఆమె చెప్పలేదు.

ఒక్క క్షణంలో అంతా అర్థమైంది. పార్కులో మ్యాన్‌హోళ్ళు లేవు! అందుకే రేసు వీధుల్లోకి వచ్చింది. అందుకే ఆ మంచివాడు పంపు పట్టుకుని చచ్చిపోయాడు. మూత చుట్టూ ఉన్నది ఇనుము కాదు, వెండి రంగు పూసిన పుట్టీ. ఇంతసేపూ మూతను లోపల్నుంచి ఏదో పట్టి ఉంచుతోంది. దాన్ని వదిలించే రిమోట్ టవర్లో ఉంది. సమయానికి నొక్కితే మూత లేస్తుంది, కారు పల్టీలు కొట్టి గోడ దాటి మంత్రి మీద పడుతుంది.

కారు ఎవరిది? గూఢచారి తమ్ముడిది. రేపు ప్రపంచమంతా ఏమంటుంది? వీళ్ళ రహస్య విభాగమే చంపించిందంటుంది. ఆమెకు తమ్ముడున్నాడని ఆఫీసులో షోకిల్లా ఒక్కడికే తెలుసు. టీ తాగుతూ, నవ్వుతూ ఆమే చెప్పింది. వాడు వింటూ తమ్ముడికి సీటు కూడా చూసి పెట్టాడు. ఇల్లంతా పండగ చేసుకున్న సీటు!

చిటపటకు ఏడుపు రాలేదు. అంత కోపం ఆమెకు పుట్టి బుద్ధెరిగాక రాలేదు.

చేతిలో పసుపు జెండా ఉంది. గెలుపు ముందున్న డ్రైవరు పసుపుకు కాస్త నెమ్మదిస్తాడు, ఆగడు. ఇంజను రొద దగ్గరపడింది. జెండా విసిరేసింది. హెల్మెట్ పీకి అవతల పారేసింది. కాంక్రీటు గోడ మీదికి ఎక్కి నిటారుగా నిలబడి, రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది.

తొమ్మిదో నెంబరు మలుపు తిరిగింది.

కీచుమని బ్రేకు పడింది. కారు తోక విసిరి, పొగలు కక్కుతూ, గిర్రున తిరిగి స్టాండు ముందు ఆగిపోయింది. వెనక వస్తున్న కారు దాన్ని తప్పించబోయి టైర్ల గుట్టలో దూరింది. దాని డ్రైవరు దిగి, తనకు తెలిసిన తిట్లన్నీ తిట్టాడు. వరసగా అన్ని మలుపుల్లోనూ జెండాలు లేచాయి. రేసు ఆగిపోయింది.

తమ్ముడి ముందు చక్రానికి బెత్తెడు దూరంలో, నేల లోపల టక్ మంది. మెరుస్తున్న మూత ఒక పక్కకు ఒరిగింది. షోకిల్లా టవర్లో ఉక్రోషం కొద్దీ రిమోట్ నొక్కినట్టున్నాడు.

తమ్ముడు హెల్మెట్ తీసి కంగారుగా అటూ ఇటూ చూశాడు. "అమ్మ ఏదీ?"

చిటపట గోడ దూకి వెళ్ళి వాడి వీపు మీద ఒక్కటి చరిచింది. తర్వాత గట్టిగా కౌగిలించుకుంది.

"గెలిచేవాణ్ణి! కళ్ళ ముందు గీత! నా బతుకు బుగ్గి చేశావు కదే అక్కా!" వాడు నిజంగానే ఏడుస్తున్నాడు.

ఆమె మూత అంచును గోటితో గీకింది. వెండి రంగు పెళ్ళలుగా రాలింది. వాడు దాన్ని చూశాడు, పక్కనే గోడకవతల జెండా పట్టుకుని బిక్కమొహం వేసిన మంత్రిని చూశాడు. కళ్ళు తుడుచుకున్నాడు. "సెక్యూరిటీ వచ్చేదాకా ఎవర్నీ ముట్టుకోనివ్వకు," అని ఆమె పరుగెత్తింది.

షోకిల్లా టవర్ వెనక మోకాళ్ళ మీద ఉన్నాడు. తెల్ల సూటు నిండా బురద. వీధులన్నీ తను కట్టించిన గోడలతోనే మూసుకుపోయాయి కాబట్టి, పారిపోవడానికి డ్రైనేజీ దారి ఒక్కటి మిగుల్చుకున్నాడు. ఇప్పుడు ఆ మూతను రెండు చేతులా పీకుతున్నాడు. మెరిసే గోళ్ళు విరిగిపోయాయి.

"దీన్నెవరు వెల్డ్ చేయించారు?" అన్నాడు ఊపిరాడక.

"నేనే. పని సగంలో వదిలేస్తే నాకు ఒళ్ళు మండుతుంది."

"నీకెప్పుడూ మండుతూనే ఉంటుంది. నా మాట విను, ఇద్దరం కలిసి..."

చెంప ఛెళ్ళుమంది. "ఇది ఇన్‌స్పెక్టర్ కోసం," అంది ఆమె. రెండోది ఎవరి కోసమో చెప్పలేదు. వాడికి తెలుసు.

పెద్దాయన వచ్చేసరికి షోకిల్లా చేతులకు సంకెళ్ళు పడ్డాయి.

"మొత్తానికి మన విభాగం పరువు నిలబెట్టావు," అన్నాడు పెద్దాయన గొంతు సవరించుకుని.

"పరువా? ఎందుకు మార్చారని మొదటి రోజే అడిగాను. సెంటు వాసనకు మీ అందరి ముక్కులూ మూసుకుపోయాయి. ఒకాయన పోయాడు, నా తమ్ముడు పోవలసింది. పరువు సంగతి తర్వాత చూడొచ్చు, ముందు ఆ గుండెపోటు అన్న మాట కొట్టేయించండి. ఆయన పిల్లలకు నిజం తెలియాలి. మీరే వెళ్ళి చెప్పాలి."

పెద్దాయన తల దించుకున్నాడు. "చెబుతాను. రేసు కూడా వచ్చే ఏడు మళ్ళీ పార్కులోనే."

అప్పుడే ఆమె ఫోను మోగింది. అమ్మ.

"టీవీలో చూశానే. వాడికి దెబ్బలేం తగల్లేదు కదా? ఇన్సూరెన్స్ వాళ్ళకి ఆ నారింజ రంగు బట్టలు ఎప్పుడిచ్చారు? పైగా గోడెక్కి నెత్తిన చేతులు! నేను ఇంట్లోనే ఉన్నాను కదే, వస్తున్నానని వాడికెందుకు చెప్పావు?"

"ఆ సైగ... నీకు తెలుసా?"

"తెలియకేం? మీ ఆట ఎందాకా పోతుందో చూద్దామని తెలియనట్టే ఊరుకున్నాను. సరే, ఇద్దరూ తొందరగా ఇంటికి రండి."

ఫోను పెట్టేసి ఆమె పెద్దాయన వైపు తిరిగింది. ఆ రోజు మొదటిసారి ముఖం కాస్త మామూలుగా పెట్టుకుంది.

"షోకిల్లా కుర్చీ ఖాళీ అయింది కదా సర్. మా అమ్మను తీసుకోండి."